కిట్‌లో ఇంజన్ రాదు

పెద్ద మార్పు తలపెట్టినవాళ్లు ముందుగా లెక్కేసుకునేది ఎంత బలం పెరుగుతుందనే. కొత్త ఉద్యోగమైతే జీతం, కొత్త కోర్సయితే పట్టా, పాత బండికి కొత్త ఇంజనైతే హార్స్‌పవర్. ఆ లెక్క వేసుకోవాల్సిందే. కానీ మార్పు బెడిసికొట్టేది మాత్రం కొత్తది పాతదాంతో కలిసే చోట. ఊరికే చెప్తే నమ్మబుద్ధి కాదు, ఓ బండి దగ్గరికి రండి.

ఫోక్స్‌వ్యాగన్ వ్యానగన్. అమెరికాలో 1980 నుంచి 1991 దాకా వచ్చిన వ్యాను. అందులో వెస్ట్‌ఫాలియా క్యాంపర్ అంటే ఇల్లే: పైకి లేచే కప్పు, స్టవ్వు, సింకు, వెనక పరుపు. ఆ పరుపు కిందే ఇంజన్. ఈ బండిని ఇప్పటికీ ప్రాణంలా చూసుకునేవాళ్లున్నారు. వాళ్ల బెంగంతా ఇంజన్ మీదే. 1983లో వచ్చిన 1.9 లీటర్ల ఇంజన్‌కి 82 హార్స్‌పవర్, తర్వాతి 2.1 లీటర్లదానికి 95. సామాను నింపుకుని కొండెక్కాలంటే లారీల వెనకే నడవాలి. పైగా సిలిండర్ హెడ్ల దగ్గర సీళ్లు పాడై కూలెంట్ కారే జబ్బొకటి. అందుకే చాలామంది 1990 సుబారు లెగసీతో వచ్చిన 2.2 లీటర్ల ఇంజన్ ఎక్కిస్తారు. నాలుగు సిలిండర్లూ అటు రెండు, ఇటు రెండు పడుకుని ఉండే రకం కాబట్టి పరుపు కింద చక్కగా ఇముడుతుంది. బలం సుమారు 130. పాత బండికి ఇది అవమానమేం కాదు. దక్షిణాఫ్రికాలో 2002 దాకా తయారైన ఇవే వ్యాన్లకు ఆడి ఐదు సిలిండర్ల ఇంజన్ పెట్టి అమ్మింది కంపెనీయే.

ఇప్పుడు అసలు సంగతి. మార్పిడి కిట్ కొంటే సాధారణంగా అందులో ఇంజన్ ఉండదు. అది తుక్కు బళ్ల యార్డులో దొరుకుతుంది. కిట్ పెట్టె నిండా ఉండేవి కలిపే సామాన్లే: ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య అడాప్టర్ ప్లేటు, ఫ్లైవీల్, మోసే కడ్డీలు, నేలకు తగలకుండా పొట్టిగా చేసిన ఆయిల్ చాంబర్, కూలెంట్ గొట్టాలు, పొగ గొట్టం. రెండు వేర్వేరు ఇళ్లలో పెరిగినవాళ్లు కాపురం చెయ్యాలంటే ఇద్దరి అలవాట్లూ తెలిసిన పెద్దమనిషి ఒకరుండాలి కదా, ఆ పెద్దరికం ఈ పెట్టెది. డబ్బూ ఓపికా ఇక్కడ పెట్టండి. మీ జీవితంలో మార్పుకైనా అంతే: కొత్త నైపుణ్యం బయట దొరుకుతుంది, దాన్ని మీ ఇంటికీ మీ వేళలకూ జతచేసే ఏర్పాటు మాత్రం మీరే చూసుకోవాలి.

జతచేసే ఘట్టం చూడండి. జాకీ మీద ఇంజన్‌ని గేర్‌బాక్స్ వైపు జరుపుతుంటే సాఫీగా వెళ్లి, చివరి అంగుళంలో టక్కున ఆగుతుంది. అంత దగ్గరికొచ్చాక బోల్టులు బిగించి లాగేద్దామనిపిస్తుంది. లాగకండి. క్లచ్ ప్లేటు పాడవుతుంది, బేరింగు దెబ్బతింటుంది, అడాప్టర్ ప్లేటు చెవి విరిగినా విరుగుతుంది. వెనక్కి జరిపి క్లచ్ ప్లేటు నడిమధ్యలో ఉందో లేదో చూడాలి. పానాతో క్రాంకుని కొంచెం తిప్పాలి. గేర్‌బాక్స్ షాఫ్టు పళ్లు క్లచ్ ప్లేటు పళ్లలో పడగానే చేత్తో తోస్తే చాలు, లోపలికి వెళ్తుంది. పని చివర్లో అడ్డం తిరిగినప్పుడు బలం పెంచడం మనందరి అలవాటు. అప్పుడు పెంచాల్సింది పరిశీలన.

ఇంకొకటి, నాకు మరీ ముఖ్యంగా తోచేది. సుబారు ఇంజన్‌లో థర్మోస్టాట్ నీళ్లు లోపలికొచ్చే దారిలో ఉంటుంది. కాగిన నీళ్లు హీటర్ గొట్టాల్లో తిరిగి దాన్ని తాకితేనే అది తెరుచుకుంటుంది. వ్యానులో హీటర్ దారికి వాల్వ్ ఉంటుంది. దాన్ని మూసేసి, వేరే బైపాస్ గొట్టం పెట్టకపోతే ఇంజన్ మరుగుతున్నా థర్మోస్టాట్‌కి ఆ కబురే అందదు. ముందు రేడియేటర్ చల్లగా, వెనక ఇంజన్ సలసలా. కొత్త ఉద్యోగంలో నలిగిపోయే మంచి పనివాళ్ల కథ చాలావరకు ఇదే. మీ భారం మీ పైవాళ్లకి దానంతటది తెలియదు. ప్రతి వారం మీరే చెప్పండి: చేతిలో ఏముంది, ఏది ఆలస్యమవుతుంది, ఏ సాయం కావాలి. అది ఫిర్యాదు కాదు, బైపాస్ గొట్టం.

వైరింగు గురించి ఒక్క మాట: కత్తిరించే ముందు ప్రతి తీగకూ చీటీ కట్టండి. వేగం చెప్పే సెన్సర్ అనవసరమని వదిలేస్తే ఇంజన్ కంప్యూటర్ ‘చెక్ ఇంజన్’ దీపం వెలిగిస్తుంది.

అనుమతి పని మొదలెట్టకముందే కనుక్కోవాలి. కాలిఫోర్నియాలో ఎక్కించే ఇంజన్ బండి తయారైన ఏడాదిదో, తర్వాతిదో అయి ఉండాలి, కాలుష్య నియంత్రణ సామగ్రంతా దాంతో రావాలి, కాలుష్య తనిఖీ రెఫరీ చూసి ఒప్పుకోవాలి. మన దేశంలోనూ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్టీవో దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇంజన్ ఇంకా నేలమీద ఉండగానే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, వెనక ఆయిల్ సీలు మార్చేయండి. ఇప్పుడు చేతికందుతాయి. ఎక్కించాక ఆ చిన్న సీలు కారితే మళ్లీ అంతా దించాలి. ఉద్యోగం మారేవాళ్లు రెండింటి మధ్య దొరికే ఖాళీని ఇలా వాడుకోవాలి: పంటి వైద్యం, బ్యాంకు కాగితాలు, వాయిదా పడ్డ కంటి పరీక్ష.

అంతా బిగించాక బండి ముందుభాగం ఎత్తి, రేడియేటర్ స్క్రూ వదులు చేసి, గాలి బుడగలు పోయేదాకా కూలెంట్ పొయ్యాలి. ఆ తర్వాత కూడా కొండకి వెళ్లొద్దు. ఇంటి చుట్టుపక్కల తిప్పండి, వచ్చి ఆపండి, కింద అట్టముక్క పరిచి ఎక్కడ చుక్క పడుతుందో చూడండి, బోల్టులు మళ్లీ బిగించండి. బ్రేకులూ గేర్‌బాక్సూ పాతవేనని గుర్తుంచుకోండి. అవి 95 హార్స్‌పవర్‌కి అలవాటుపడ్డవి. అలాగే కొత్త ఉద్యోగంలో సీట్లో కూర్చున్న మొదటి నెలలోనే ఆఫీసులోకెల్లా పెద్ద ప్రాజెక్టు నెత్తికెత్తుకోమంటే, రెండు నెలలు గడువడగండి.