ఇంటి మేక అల్లరి - ఇల్లాలి జాగ్రత్త

కర్నూలు నుండి నంద్యాలకు పోవు రహదారిపై ఓర్వకల్లు గ్రామము కలదు. ఊరి చెంత ప్రకృతి పేర్చిన రాతి గుట్టలు బాటసారుల దృష్టిని ఆకర్షించుచుండును. వర్షము తక్కువగు ఈ మెట్టసీమలో సెంటు భూమి లేని ఇంట సైతము ఒకటి రెండు మేకలుండుట పరిపాటి. అవసరమునకు అమ్ముకొన్న సొమ్మగును, బిడ్డలకు పాలగును. మేకను పేదవాని ఆవు అనుట ఇందువలననే.

అయితే మందలో తిరుగు మేక వేరు, ముద్దుగా ఇంటిలో పెరిగిన మేక వేరు. మంద మేకకు కాపరి కలడు. ఇంటి మేకకు ఇల్లే మేతబీడు.

మేము ఆ ఊరికి పోయినపుడు ఒక మిద్దె ఇంటి అరుగుపై కూర్చుంటిమి. తల్లి చచ్చిన మేకపిల్లనొకదానిని ఆ ఇంటి అవ్వ సీసాతో పాలు పట్టి పెంచినది. మేము కూర్చున్న కొలది సేపటిలోనే అది మెట్లెక్కి మిద్దెపైకి పోయి, ప్రక్కింటివారు ఆరబెట్టుకొన్న వడియములను నమిలినది. దిగి వచ్చి మనుమని నోటు పుస్తకపు అట్టను కొరికినది. మా చేతిసంచి త్రాటిని సైతము విడువలేదు.

ప్రక్కింటి ఆమె గోడమీదుగా, "అత్తా! నిన్న గుమ్మడి తీగ, ఈ పొద్దు వడియాలు. రేపు మమ్మల్ని గూడా తింటుందేమో నీ ముద్దుల మేక!" అని కేక వేసినది.

"ఏం చేసేది సార్, బిడ్డ మాదిరి సాకితిని. కట్టేస్తే ఊరంతా వినబడేటట్లు అరుస్తుంది" అని అవ్వ మాతో చెప్పి నవ్వినది.

నెల దినముల పిమ్మట మేము మరల పోగా గుంజ ఖాళీగా ఉండెను. ఒక రాత్రి మేక తలుపు గడియను మూతితో ఎత్తి, లోనికి పోయి, జొన్నల గంపలో తల పెట్టి తినగలిగినంత తిన్నదట. మరునాడు నెమరు వేయలేదు. పళ్ళు పటపట కొరికినది. ఎడమ డొక్క ఉబ్బినది. అజీర్తి యని తలచి ఇంటివైద్యముతో ఒక దినము గడిపిరి. పశువైద్యుడు వచ్చుసరికి వేళ మించినది. ఆ ఉదయము మొదట ఏడ్చినది ప్రక్కింటి ఆమెయే నని అవ్వ మాతో చెప్పినది.

అల్లరికి కారణమేమి?

మేకకు పూర్వులు కొండజాతి మృగములు. సుమారు 10,000 సంవత్సరములకు పూర్వము ఇరాన్ దేశపు జాగ్రోస్ పర్వత ప్రాంతమున మానవుడు వానిని మచ్చిక చేసెను. కావున గోడ కనిపించిన ఎక్కుట, కొమ్మ కనిపించిన ముందుకాళ్ళెత్తి అందుకొనుట దానికి పుట్టుకతో వచ్చిన విద్యలు. మేకకు పై దవడ ముందుభాగమున పళ్ళు లేవు. చురుకైన పెదవులతోనే ఆకును ఏరుకొనును. పసిబిడ్డ ప్రతి వస్తువును చేతితో తాకి చూచునట్లు మేక మూతితో తాకి చూచును. మనకు అల్లరియైనది దానికి పరీక్ష.

జ్ఞాపకశక్తియు తక్కువది కాదు. లండనులోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2014లో ప్రకటించిన పరిశోధనలో, ఒక పెట్టె నుండి తిండిని తీసికొనుటకు త్రాడు లాగి మీట ఎత్తు ఉపాయము నేర్చిన మేకలు 10 నెలల తరువాత కూడ దానిని మరువలేదు. ఒకసారి గడియ తీయ నేర్చిన మేక రేపు కూడ తీయును.

జొన్నలు ఎట్లు ప్రాణము తీయును?

మేక పొట్టలో నాలుగు అరలు కలవు. మొదటి పెద్ద అరలోని సూక్ష్మజీవులు ఆకును, పీచును మెల్లగా జీర్ణము చేయును. అలవాటు లేని గింజలు ఒక్కసారిగా పడినపుడు అవి త్వరగా పులిసి ఆమ్లముగా మారును. మేలుచేయు సూక్ష్మజీవులు నశించును; రక్తములోని నీరు పొట్టలోనికి చేరి పశువు క్రుంగిపోవును. పెండ్లి ఇండ్లలో మిగిలి పారవేసిన అన్నముతోను ఇదే ప్రమాదము. గింజలు తిన్నదని తెలిసిన వెంటనే, రోగ లక్షణములు కనిపించువరకు ఆగక, పశువైద్యుని పిలువవలెను. సంచార పశువైద్య వాహనమునకు 1962 నంబరుకు ఫోను చేయవచ్చును.

చేయదగిన ఏర్పాట్లు

1. గింజల గదికి గడియ ఒక్కటి చాలదు. కొండీకి చీలగాని, తాళముగాని ఉండవలెను.

2. దొడ్డికి నాపబండలు పాతినచో గట్టి కంచె యగును. నాలుగడుగులకు తక్కువ ఉండరాదు. కంచె ప్రక్కన రాయిగాని మొద్దుగాని ఉన్నచో మేకకు అదియే మెట్టు.

3. దొడ్డి నడుమ రెండు మూడు పెద్ద రాళ్ళు వేయుడు. ఎక్కుటకు చోటున్న మేక మిద్దె జోలికి తక్కువగా పోవును. తోడుగా మరియొక మేకయున్న అరపులు తగ్గును.

4. ఉదయముననే అవిసె, సుబాబుల్, వేప కొమ్మలను దాని తల ఎత్తున కట్టుడు. కడుపు నిండిన మేకకు వడియములపై ధ్యాస తగ్గును.

5. గోడ ప్రక్కన పొడుగు త్రాటితో కట్టరాదు. దూకినచో ఉరి పడును. ప్లాస్టిక్ సంచులను అందనీయరాదు. గన్నేరు ఆకు విషము. నీటి ఎద్దడికి వాడిన లేత జొన్న పైరు కూడ ప్రాణాంతకము.

6. పొరుగువారికి నష్టము కలిగినచో వారు అడుగకముందే ఇచ్చుకొనుడు. పరుల పైరులో పడిన పశువులను బందెలదొడ్డికి తోలుటకు 1871 నాటి చట్టము వీలు కల్పించినది; మేకలును అందులో చేరియున్నవి. కాని చెడిన ఇరుగుపొరుగు స్నేహమును ఏ చట్టమును తిరిగి తేలేదు.

మేక స్వభావమును మనము మార్పజాలము. మార్పదగినది ఇంటి ఏర్పాటే. అవ్వ ఇంట ఇప్పుడు మరియొక పిల్ల పెరుగుచున్నది. దొడ్డిలో మూడు రాళ్ళు వెలసినవి. జొన్నల గదికి తాళము పడినది. తాళపుచెవి అవ్వ కొంగుముడిలో ఉన్నది.