ఆల్చిప్ప నేర్పే పాఠం



ఆల్చిప్ప అనగానే మనకు స్వాతివాన, ముత్యం గుర్తుకొస్తాయి. మత్తయి సువార్త 13వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన వర్తకుడు కూడా ఒక మేలిముత్యం కోసం ఉన్నదంతా అమ్ముకున్నాడు. అయితే ముత్యానికి కాక, ఆహారానికి పెంచే ఆల్చిప్పలు వేరే ఉన్నాయి.

కేరళలోని అష్టముడి సరస్సులో ఈ పెంపకాన్ని 1990లలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రోత్సహించింది. తర్వాత మహిళా సంఘాలూ చేపట్టాయి. నీటిలో గుంజలు పాతి, ఖాళీ చిప్పలు గుచ్చిన తాళ్లు వేలాడదీస్తారు. పిల్ల ఆల్చిప్పలు వాటికి అంటుకుని పెరుగుతాయి. మేత వేయనక్కరలేదు. నీటిని పీల్చి, అందులోని సూక్ష్మజీవులను వడగట్టి తిని, తేటనీటిని వదులుతాయి. అమెరికా తీరంలోని ఒక రకం, అన్నీ అనుకూలిస్తే, రోజుకు సుమారు 190 లీటర్ల వరకు వడగట్టగలదు.

అదే వాటికి ముప్పు కూడా. నీటిలో డీజిల్ కలిస్తే అదీ వాటి ఒంట్లోకి చేరుతుంది. కాపలాకు వెళ్లే పడవే నూనె కారిస్తే, కాచేవాడే చెరిపినట్లు అవుతుంది. అందుకే సూర్యరశ్మితో నడిచే విద్యుత్ పడవ ఈ పనికి తగింది. కప్పు మీది పలకలు ఎండను విద్యుత్తుగా మారుస్తాయి. బ్యాటరీ దాన్ని నిలవచేసి మోటారును తిప్పుతుంది. ఒడ్డుకు దగ్గరలో, పగటిపూట, నెమ్మదిగా సాగే పనికి పెద్ద బ్యాటరీ అక్కరలేదు. కేరళలోనే వైక్కం, తవణక్కడవుల మధ్య 75 మందిని దాటించే సౌర పడవ "ఆదిత్య" 2017 జనవరిలో మొదలైంది. అది ఆల్చిప్పల పడవ కాదు గాని, దారి ఉందని చూపింది. మొదటి ఖర్చు ఎక్కువ, ఆపైన డీజిల్ ఖర్చు ఉండదు. ఆ మొదటి బరువును పేదవాడు ఒంటరిగా మోయలేడు. సంఘంగా కలిస్తే మోయగలడు.

ఉద్దేశం మంచిదైతే చాలదు, సాధనం కూడా మంచిదై ఉండాలని శ్రీసభ బోధ. ఈ పడవ ఆ బోధకు చక్కని ఉదాహరణ.

సముద్రానికి దూరాన ఉన్న జగ్గయ్యపేట, నందిగామల వారికి ఇదంతా ఎందుకని అడగవచ్చు. మన మునేరు కృష్ణలో కలుస్తుంది. కృష్ణ ప్రకాశం బ్యారేజీ దాటి హంసలదీవి దగ్గర సముద్రాన్ని చేరుతుంది. మనం పత్తికి, మిరపకు మందు కొట్టి, ఆ డబ్బా వాగులో కడిగితే, దిగువన నీళ్లు ముంచుకునేవారికీ అందులో బతికే జీవాలకూ అది చేరుతుంది. నా పొరుగువాడెవరని ధర్మశాస్త్ర బోధకుడు యేసును అడిగాడు. మన ముఖం ఎన్నడూ చూడని దిగువవాడు కూడా పొరుగువాడే. సృష్టిని మనందరి ఇల్లుగా చూడమని జగద్గురువు ఫ్రాన్సిస్ 2015లో "లౌదాతో సి" విశ్వలేఖలో కోరారు.

కుటుంబ ప్రార్థన తర్వాత ఆలోచించండి:

1. మన ఇంటి నుండి, చేను నుండి నీటిలోకి ఏమేమి వెళుతున్నాయి?
2. మంచి పని పేరుతో మనం వాడే చెడు సాధనం ఏదైనా ఉందా?

ఈ వారం ఒక్క నియమం పెట్టుకోండి. మందు డబ్బాను వాగులో కడగకండి. కడిగిన నీటిని ఆ చేలోనే చల్లండి.