వంటింటి గట్టు మూల అతుక్కి రూటర్: చేయవలసినవి, చేయకూడనివి

టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో, ముఖ్యంగా వ్యాలీ రాంచ్, లాస్ కొలీనాస్ వైపు, పాత ఇల్లు కొని వంటగదిని సొంతంగా బాగుచేసుకోవాలనుకునే తెలుగువారికి ఈ సూచనలు. రెండు గట్లు మూలలో కలిసే చోట అతుకు కోసేది రూటర్ అనే చెక్కపని యంత్రం. దాని బిట్ నిమిషానికి 20,000 చుట్ల దాకా తిరుగుతుంది. కొనేటప్పుడే జాగ్రత్తపడండి.

చేయవలసినవి

- గట్టు దేనితో చేసిందో ముందు తేల్చుకోండి. ఈ సూచనలు లామినేట్ అంటించిన పార్టికల్ బోర్డుకీ, చెక్కకీ మాత్రమే.
- అరంగుళం కొలెట్ (బిట్ కాడని పట్టుకునే భాగం) ఉన్న ప్లంజ్ రూటర్ తీసుకోండి, 2.25 హార్స్‌పవర్‌కి తగ్గనివ్వకండి.
- బిట్ కాడ, కొలెట్ ఒకే కొలతవో కాదో చూడండి. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు; 12 మిల్లీమీటర్ల కాడ అందులో పట్టు దొరకక తిరుగుతూనే బయటికి జారుతుంది.
- కాడను కొలెట్‌లోకి పూర్తిగా దించి, రెండు మూడు మిల్లీమీటర్లు పైకి తీసి బిగించండి.
- జిగ్ (రూటర్‌ని సరైన దారిలో నడిపించే అచ్చు) అడిగిన కొలత గైడ్ బుష్‌నే వాడండి. బ్రిటన్ నుంచి తెప్పించుకునే జిగ్‌లకి ఎక్కువగా 30 మిల్లీమీటర్లది కావాలి. ఇక్కడ దొరికే బుష్‌లు చాలావరకు అంగుళాల లెక్కవి. దగ్గర కొలతతో సరిపెట్టుకుంటే అతుకులో సందు పడుతుంది.
- జిగ్ మీ గట్టు వెడల్పుకి సరిపోతుందో లేదో కొలవండి. ఇక్కడి గట్లు సాధారణంగా 25 నుంచి 25.5 అంగుళాలు, బ్రిటన్‌లో 600 మిల్లీమీటర్లు.
- ఎక్స్‌టెన్షన్ తీగ 12 గేజ్‌ది, 50 అడుగులు మించనిది వాడండి.
- జిగ్‌నీ గట్టునీ క్లాంపులతో కదలకుండా బిగించండి; తెగిపడే ముక్క కింద కూడా ఆసరా పెట్టండి.
- ఒక్కో విడతకి 8 నుంచి 10 మిల్లీమీటర్ల లోతు మాత్రమే, ఎడమ నుంచి కుడికి కోయండి.
- గుండ్రని ముందు అంచు నుంచి లోపలికి కోయండి. లేదంటే లామినేట్ పెచ్చులూడుతుంది. అవసరమైతే గట్టుని బోర్లించండి.
- రక్షణ కళ్లద్దాలు, చెవి మఫ్‌లు, ఎన్95 మాస్కు పెట్టుకోండి.
- ముందు పనికిరాని ముక్క మీద కోసి చూడండి.

చేయకూడనివి

- క్వార్ట్జ్, గ్రానైట్ గట్ల మీద ఈ రూటర్ పెట్టకండి. కృత్రిమ క్వార్ట్జ్‌లో సిలికా 90 శాతం పైన కూడా ఉంటుంది. ఆ పొడి ఊపిరితిత్తుల్ని శాశ్వతంగా పాడుచేస్తుంది. ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ పలకల్నే నిషేధించింది. ఆ పని రాతి పనివాళ్లకి వదిలేయండి.
- ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల రూటర్‌ని ఇక్కడి 120 వోల్టుల ప్లగ్‌లో పెట్టకండి. చవగ్గా వచ్చిందని సూట్‌కేసులో వేసుకొచ్చేవాళ్లున్నారు.
- పావంగుళం కాడ బిట్‌తో లోతుగా కోయకండి. కాడ విరిగి ముక్క ఎగురుతుంది.
- ప్లగ్ తీయకుండా బిట్ మార్చకండి.
- మొద్దుబారిన బిట్‌ని బలంగా నెట్టకండి.
- బిట్ తిరుగుతుండగా రూటర్‌ని జిగ్‌లోంచి ఎత్తకండి.
- చేతి తొడుగులు, చున్నీ, వదులు చేతుల చొక్కా వద్దు, బిట్ లాగేస్తుంది.
- గ్యాస్ వాటర్ హీటర్ ఉన్న గరాజ్‌లో, లామినేట్ అంటించే కాంటాక్ట్ సిమెంట్ డబ్బా తెరవకండి. ఆవిరికి మంట అంటుకుంటుంది.
- అద్దె ఇంట్లో యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా గట్టు కదపకండి.

మూల సరిగ్గా 90 డిగ్రీలుంటే రూటరే కొనకండి. 45 డిగ్రీలకి ముందే కోసిన లామినేట్ గట్లు ఇక్కడి పెద్ద దుకాణాల్లో దొరుకుతాయి; వాటి అతుక్కి జిగురు రాసి కింద బోల్టులు బిగిస్తే చాలు.