గంట కొట్టని చోట చదువు



సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు మొదట కవిత రాద్దామనుకున్నాను. కానీ కాలేజీలకు వెళ్లబోతున్న మీ ముఖాలు గుర్తొచ్చి, నేను డిగ్రీ మొదటి సెమిస్టర్‌లో ఎందుకు తప్పానో రాయడమే మేలనిపించింది.

మన హాస్టల్‌లో గంట కొడితే లేస్తాం, గంట కొడితే తింటాం, గంట కొడితే స్టడీ అవర్‌కు కూర్చుంటాం. వార్డెన్ సార్ రౌండుకు వచ్చేసరికి తల పుస్తకం మీద ఉంటే చాలు. దాన్ని తప్పు పట్టడం లేదు. ఆ గంటే లేకపోతే నేను పదో తరగతి గట్టెక్కేవాణ్ణి కాదు. అయితే ఏం చదవాలి, ఎంతసేపు చదవాలి, వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి అనే మూడు పనులూ మన బదులు ఇంకొకరు చేసిపెట్టారు. డిగ్రీలో అవి ఒక్కసారిగా నా నెత్తిన పడ్డాయి. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "తిన్నావా, చదువుకుంటున్నావా" అని అడిగేది. రెండింటికీ ఊ అంటే రెండూ నమ్మేది. మా ఇంట్లో నాకు ముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. అంతకు మించి ఏం అడగాలో ఆమెకు మాత్రం ఎలా తెలుస్తుంది?

2019 చివర పరీక్షలు రాశాను, కెమిస్ట్రీ పోయింది. చదవక పోలేదు. మూడుసార్లు చదివాను, పేజీ నిండా స్కెచ్‌పెన్‌తో గీతలు గీశాను. పేజీ తిప్పితే అన్నీ తెలిసినవే అనిపించేవి. తీరా హాలులో కూర్చున్నాక, ముఖం తెలిసిన మనిషి పేరు గుర్తురానట్టు నీళ్లు నమిలాను.

నాతో చేరిన ఒక మిత్రుడికి రెండు సబ్జెక్టులు పోయాయి. "మనకు ఎక్కదురా" అని పెట్టె సర్దుకున్నాడు. లెక్కల్లో నాకంటే చురుకైనవాడు. ఇప్పుడు సెంట్రింగ్ పనికి వెళ్తున్నాడు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం వాడే.

పీజీలో చేరాక లైబ్రరీలో ఒక ప్రయోగం గురించి చదివాను. 2006లో రోడిగర్, కార్పికే అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు రెండు పాఠాలు ఇచ్చారు. ఒకదాన్ని వాళ్లు మళ్లీ చదివారు. రెండోదాన్ని చూడకుండా గుర్తున్నది కాగితం మీద రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివిన పాఠానిదే పైచేయి, 81 శాతం, రాసిన పాఠానికి 75. వారం తర్వాత అడిగినవాళ్లలో మాత్రం చదివిన పాఠం 42కు పడిపోయింది, రాసిన పాఠం 56 దగ్గర నిలిచింది. పరీక్షలు ఐదు నిమిషాల తర్వాత జరగవు కదా!

బారీ జిమ్మర్‌మన్ అనే విద్యావేత్త స్వీయ నియంత్రిత అభ్యసనాన్ని మూడు దశలుగా చెప్పారు. చదివే ముందు లక్ష్యం పెట్టుకోవడం, చదివేటప్పుడు తనను తాను గమనించుకోవడం, చదివాక ఫలితాన్ని పరిశీలించి తర్వాతి పనిని మార్చుకోవడం. మాట పెద్దదే గానీ, గంట కొట్టే పని, రౌండుకు వచ్చే పని మనమే చేసుకోవడం అన్నమాట.

ఈ పుస్తకాలేవీ చూడకముందే నాకది అవసరం కొద్దీ అలవాటైంది. 2020 మార్చిలో హాస్టళ్లు మూసేశారు. ఆన్‌లైన్ క్లాసులన్నారు, మా ఊళ్లో సిగ్నల్ కావాలంటే వాటర్ ట్యాంకు మెట్లెక్కాలి. చేతిలో ఒక పాత టెక్స్ట్ బుక్, ఒక నోట్‌బుక్. రాత్రి పడుకునే ముందు రేపటి పని రాసుకునేవాణ్ణి. "కెమిస్ట్రీ చదవాలి" అని కాదు, "అర్ధాయువు మీద ఐదు లెక్కలు పుస్తకం మూసి చేయాలి" అని.

ఇంటర్ రెండో సంవత్సరంలో ఈ అర్ధాయువు మీకూ వస్తుంది. ప్రథమ క్రమాంక చర్యకు సూత్రం 0.693/కె అని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. అర్ధాయువు 20 నిమిషాలైతే గంట తర్వాత ఎంత మిగులుతుంది? 20 నిమిషాలకు సగం పోయింది కాబట్టి 40కి మొత్తం అయిపోతుందని రాశాను! నిజానికి సగం, సగంలో సగం, అందులో మళ్లీ సగం, అంటే ఎనిమిదో వంతు మిగులుతుంది. పుస్తకం మూడుసార్లు చదివినా బయటపడని తప్పు, మూసి రాస్తే పది నిమిషాల్లో బయటపడింది. దాన్ని వేరే నోట్‌బుక్‌లో ఎక్కించాను. పక్కనే కారణం కూడా రాయాలి. అసలు తెలియలేదా, ప్రశ్న సరిగా చదవలేదా, టైము చాలలేదా? మూడింటికీ మందు ఒకటి కాదు. అదే ప్రశ్న మర్నాడు, మూడు రోజులకు, వారానికి మళ్లీ చేసేవాణ్ణి.

మనవాళ్లకు కష్టమైనది ఇంకొకటుంది, అడగడం. లెక్చరర్ గది ముందు రెండుసార్లు నిలబడి వెనక్కి వచ్చేశాను. మూడోసారి నేను చేసిన సగం లెక్క కాగితం పట్టుకుని వెళ్లాను. "ఇక్కడిదాకా వచ్చింది సార్" అంటే ఐదు నిమిషాల్లో చెప్పారు. చేతిలో కాగితం ఉంటే నోరు పెగులుతుంది.

ఇదంతా చదివి, తప్పితే నీదే లోపమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఒక గదిలో పదిమంది ఉంటే, స్కాలర్‌షిప్ ఆలస్యమైతే, పుస్తకం కొనలేకపోతే అది మన క్రమశిక్షణతో తీరేది కాదు. వాటిని అడిగి సాధించుకోవాల్సిందే. నేను చెప్పింది మన చేతిలో ఉన్నంత మేరకే.

ఆ కెమిస్ట్రీ పేపర్ తర్వాత పాసయ్యాను. తప్పుల నోట్‌బుక్కులు మూడు ఇంకా నా ట్రంకు పెట్టెలో ఉన్నాయి. వార్షికోత్సవం రోజు తెస్తాను, చూడాలనుకున్నవాళ్లు చూడండి. చేతిరాత మాత్రం బాగుండదు, ముందే చెబుతున్నాను.