అచ్చుగుద్దినట్టు

చిన్నీకి,

నువ్వు పంపిన స్టార్మ్‌ట్రూపర్ కవచం సెట్ల ఫొటోలన్నీ చూశాను. అన్నీ పెళ్లిలో చదివింపులకొచ్చిన కొత్త స్టీలు సామాన్లలా మెరిసిపోతున్నాయి. వీటిలో ఏది కొనమంటావని అడిగావు. నేను తిరిగి నిన్నడిగేది ఒకటే. నువ్వు ఏ సినిమాలో ట్రూపర్‌వి కావాలనుకుంటున్నావు? 1977 నాటి మొదటి దానిలోనా, 1980లో వచ్చిన ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్‌లోనా, 1983 నాటి రిటర్న్ ఆఫ్ ది జెడైలోనా? ‘స్టార్ వార్స్‌లో ట్రూపర్’ అంటే కుదరదు. అలాంటివాడు తెరమీద ఎక్కడా లేడు. ఒక్కో సినిమాకి హెల్మెట్ రంగులు, గీతలు, తొడుగుల బిగింపు కొంచెం కొంచెం మారాయి. ఒకదాని తల, ఇంకోదాని మొండెం కలిపి కొన్నావనుకో, ఎంత ఖర్చుపెట్టినా తెలిసినవాడి కన్ను అక్కడే ఆగిపోతుంది.

నన్నడిగితే మొదటి సినిమాయే ఎంచుకో. అందులోనూ మళ్లీ రెండు రకాలున్నాయి. దూరంగా గుంపులో పరిగెత్తేవాళ్లకీ, దెబ్బలు తిని పడిపోయేవాళ్లకీ చేసినవి స్టంట్ హెల్మెట్లు. కెమెరా దగ్గరికొచ్చినప్పుడు పెట్టుకోవడానికి చేసినవి హీరో హెల్మెట్లు. స్టంట్ హెల్మెట్ కళ్లకు చదునైన ఆకుపచ్చ అద్దాలుంటాయి. హీరోకి అద్దాలు బుడగలా ముందుకు ఉబ్బి ఉంటాయి. నోటి దగ్గర ఆ కోపపు వంకరలో పళ్లలా కోసిన సందులు స్టంట్‌లో ఎనిమిది, హీరోలో ఆరు. ఇవన్నీ అమ్మేవాడు చెప్పడు. నువ్వే లెక్కపెట్టుకోవాలి.

ఇక అసలు విషయానికొస్తాను. తెరమీద ఉన్నదాన్ని ఉన్నట్టు చెయ్యాలంటే ముందు అది ఎలా పుట్టిందో తెలియాలి. దర్శకుడు జార్జ్ లూకస్ దగ్గర రాల్ఫ్ మెక్వారీ గీసిన బొమ్మలున్నాయి. జాన్ మొల్లో దుస్తుల రూపశిల్పి, ఆ సినిమాకే ఆస్కార్ అందుకున్నాడు. ఒంటి కవచానికి బ్రయన్ మ్యూర్ శిల్పం చేశాడు. హెల్మెట్‌కు నిక్ పెంబర్టన్ మట్టి నమూనా చేశాడని తర్వాత నడిచిన దావా కోర్టు కాగితాల్లో ఉంది. దాన్నిబట్టి లండన్‌లోని ట్వికెన్‌హామ్‌లో ఆండ్రూ ఐన్స్‌వర్త్ అనే ఆయన తన వాక్యూమ్ ఫార్మింగ్ యంత్రం మీద యాభై హెల్మెట్లు లాగాడు. 1976లో ట్యునీసియా ఎడారిలోనూ, నువ్వున్న లండన్‌కి దగ్గర్లోని ఎల్‌స్ట్రీ స్టూడియోలోనూ షూటింగ్ జరిగింది. పని ఆర్భాటంగా కాదు, హడావిడిగా జరిగింది. నువ్వు అనుకరించాల్సింది ఆ హడావిడిని కూడా.

బాలానగర్ షెడ్డులో నేను బిస్కెట్ ట్రేలు, మందుబిళ్లల పొరలు లాగినదీ ఆ రకం యంత్రం మీదే. కనుక ఈ సంగతి నేను ధైర్యంగా చెప్పగలను. ప్లాస్టిక్ షీటును వేడిచేసి, మెత్తబడ్డాక అచ్చు మీదకి దించి, కింద నుంచి గాలి పీల్చేస్తే షీటు అచ్చును పట్టుకుంటుంది. దీనికి రెండు స్వభావాలున్నాయి. ఎత్తైన అచ్చు మీద షీటు సాగి అక్కడ పలచబడుతుంది. రెండోది, అచ్చు కిందభాగం లోపలికి తిరిగి ఉంటే ముక్క బయటికి రాదు, ఇరుక్కుపోతుంది. అందుకే ఆ హెల్మెట్ ఒకే ముక్క కాదు. ముఖం వేరు, తలపైన, వెనకవైపు వేరు. రెండూ కలిసే అతుకు మీద చెవులు వచ్చి కూర్చుంటాయి. నుదుటి అంచు నల్ల రబ్బరు పట్టీ కింద దాక్కుంటుంది. చేతులు, కాళ్లు రెండేసి సగాలుగా లాగి, అతుకు మీద తెల్లటి పట్టీ అంటించారు. జనం అలంకారమనుకునేదాంట్లో సగం అతుకులు దాచుకోవడానికే. ఆ పట్టీలు ఎందుకున్నాయో తెలిస్తే వాటిని ఎక్కడ పెట్టాలో తికమకపడవు.

ఇందులోంచే కొనేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన సంగతి కూడా వస్తుంది. ఒక సెట్టులోని ముక్కనే అచ్చుగా పెట్టి ఇంకో సెట్టు లాగే వ్యాపారం చాలా ఉంది. అలా లాగిన ప్రతిసారీ కోణాలు మొద్దుబారతాయి, గీతలు కరిగిపోతాయి. అమ్మేవాడిని హెల్మెట్ ఎదుటి ఫొటో ఒక్కటి కాదు, రెండు పక్కలవి, వెనకది, కింద నుంచి తీసింది కూడా అడుగు. అసలు హెల్మెట్ ముఖం ఎడమకుడి ఒకలా ఉండదు, చేత్తో చేసిన మట్టి నమూనా కదా. కంప్యూటర్‌లో గీసి, రెండు పక్కలా అద్దంలో చూసినట్టు సమానంగా ఉన్న హెల్మెట్‌ని చూపించి ‘ఇది ఇంకా బాగుంది’ అంటే నవ్వి ఊరుకో. ఫైబర్ గ్లాస్‌తో చేసినదీ వద్దు. బరువు, మందమైన అంచులు, తెరమీది ఆ పలచటి పెళుసుదనం దానికి రాదు.

షీటు ఏబీఎస్ ప్లాస్టిక్ అయి ఉండాలి. ఒంటి తొడుగులకి దాదాపు రెండు మిల్లీమీటర్ల మందం ఉంటే కోయడానికీ, నిలవడానికీ రెంటికీ వీలు. అసలు స్టంట్ హెల్మెట్లు హెచ్‌డీపీఈతో లాగి తెల్లరంగు వేశారు. ఆ ప్లాస్టిక్‌కి రంగూ పట్టదు, జిగురూ పట్టదు. రంగు పెచ్చులూడటం అందుకే. హీరో హెల్మెట్లు తెల్ల ఏబీఎస్‌వి. స్టంట్ రూపం కావాలన్నా నువ్వు ఏబీఎస్‌లోనే తీసుకో. ఇక్కడ పట్టుదలకి పోతే నష్టపోయేది నువ్వే. ఏబీఎస్ ఎండకి పసుపెక్కుతుంది కాబట్టి కిటికీ పక్కన ఆరబెట్టకు.

కోతలు వేయని సెట్టు కొను. ముందే కోసి అంటించి పంపేవి సాధారణంగా ఐదడుగుల పది అంగుళాల పైన ఉన్న మగవాళ్లకి సరిపోతాయి. నువ్వు ఐదడుగుల మూడు. మొదటి సినిమాలోనే కథానాయకుడు లూక్ ఆ కవచం వేసుకుని రాకుమారి లేయా ముందుకొస్తే ఆవిడ ముందు గమనించింది అతని పొట్టితనాన్నే! నిన్నూ అలా అనకూడదంటే పని అంతా కోతలోనే ఉంది. పొడవు తగ్గించేటప్పుడు గట్టుగానీ గీతగానీ లేని కొస నుంచే తీయి. వెడల్పు తగ్గించేటప్పుడు రెండు సగాల నుంచీ సమానంగా తీస్తే అతుకు పట్టీ మధ్యలోనే నిలుస్తుంది. ఒకవైపే లాగేస్తే పట్టీ పక్కకి జారి కాలు మెలితిరిగినట్టు కనిపిస్తుంది. చేతుల పట్టీలు సుమారు 15 మిల్లీమీటర్లు, కాళ్ల ముందువి 20, వెనకవి 25. నడుం పక్కన బిగుతు చేయాల్సి వస్తే వెనక కిడ్నీ పలకను తగ్గించు, పొట్ట పలకను ముట్టుకోకు. దాని మీద బొత్తాలున్నాయి, అవి పక్కకి జరిగితే దూరానికే తెలిసిపోతుంది.

కోసే ముందు పెన్సిల్‌తో గీసుకుని, టేపుతో ఒంటికి బిగించి, అద్దం ముందు నడిచి చూడు. గీతకు బయటగా కోసి, తర్వాత గరుకు కాగితంతో గీత దాకా వెళ్లు. తీసినది మళ్లీ రాదు కదా. వస్తుందనుకో, ముక్కల్ని అసిటోన్‌లో కరిగించి పూసి పగుళ్లు పూడ్చవచ్చు. కానీ అది పగుళ్లకి మందు, పొరపాటున పోయిన అంగుళానికి కాదు.

జిగురు విషయంలో తొందర వద్దు. సూపర్ గ్లూ నిమిషంలో పట్టేస్తుంది, కానీ పెళుసు. వంగినప్పుడు టక్కుమంటుంది. పైగా తప్పు అతికితే విడదీయలేవు. ఈ6000 లాంటి రబ్బరు జిగురు ఆరడానికి ఒకరోజు పైనే పడుతుంది. కానీ ఆరాక కూడా కొంచెం సాగుతుంది, కావాలంటే ఓపికగా ఊడదీయొచ్చు. అతికినచోట పట్టి ఉంచడానికి గట్టి అయస్కాంతాలు రెండువైపులా పెట్టు. ముక్కల్ని ఒంటికి కలిపేది లోపలి ఎలాస్టిక్ పట్టీలు, నొక్కుడు గుండీలు. అవి బయటికి కనబడవు, కాబట్టి చాలామంది తక్కువ చూస్తారు. ఛాతీ పలక జారి పొట్ట మీద కూర్చుంటే ఎంత మంచి హెల్మెట్టూ కాపాడదు. అందుకే డబ్బు దాచుకోవాల్సిందిగానీ, టైము దాచుకోవాల్సిందిగానీ ఈ పట్టీల దగ్గర కాదు.

రంగులు తక్కువే. కన్నుల కింది, కణతల దగ్గరి భాగాలు, నోటి వంకర బూడిదరంగు, గడ్డం దగ్గరి మాట్లాడే గొట్టం నలుపు, బుగ్గల మీద నీలిగీతలు. ఈ గీతల్ని స్టిక్కరుగా అంటించకు, బ్రష్‌తో వేయి. మొదటి సినిమాలో చేత్తోనే వేశారు, అందుకే అవి ఒకదానికొకటి సమానంగా ఉండవు. ఇంగ్లండ్‌లో పిల్లల బొమ్మల విమానాలకి వేసే హంబ్రోల్ ఎనామెల్ డబ్బాలు దొరుకుతాయి, ఆ రంగుల్లోనే సరిపడా వెతుక్కో. గడ్డం పక్కల చిన్న గుబ్బలు హోవి మైక్ కొసలు, నిజమైన మైక్రోఫోన్ భాగాలే. నకలు దొరుకుతాయి.

బూట్లు పక్కలకి ఎలాస్టిక్ ఉన్న చీలమండ దాకా వచ్చే చెల్సీ బూట్లు, తెల్లవి. నల్లవి దొరికితే పాలిష్ అసిటోన్‌తో తుడిచి తెల్లరంగు వేసుకోవచ్చు. చేతికి నల్ల తొడుగులు, లోపల నల్లటి వస్త్రం, మెడ దగ్గర ముడతల నల్లపట్టీ. ఎడమ మోకాలికి మాత్రమే చదరపు పలక, కుడి తొడకి మాత్రమే కింద గుళ్ల పెట్టెల వరస, నడికట్టుకి ఎడమ పక్క నల్ల తోలు తుపాకీ సంచి. నడికట్టు వెనక వేలాడే గొట్టానికి పీవీసీ పైపు చాలు.

తుపాకీ చివర చూసుకో. ఈ-11 అసలు బ్రిటిష్ సైన్యం వాడిన స్టెర్లింగ్ తుపాకీ. బాప్టీ అనే ఆయుధాల అద్దె సంస్థ సరఫరా చేసింది. దాని మీద దుర్భిణీ, పక్కన చిన్న కౌంటర్ డబ్బా, గాలి రంధ్రాల మీద నల్లటి పట్టీలు పెట్టారు. నువ్వు చూడలేదుగానీ పాత తరం పోలీసుల భుజాన వేలాడిన కార్బైన్ దీని కవల పిల్లే, కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారైంది. నేను ఆ సినిమా మొదటిసారి చూసినప్పుడు అంతరిక్షంలో మన పోలీసుల తుపాకీ ఏమిటా అనిపించింది. అయితే ఒక్కమాట. నువ్వున్న దేశంలో సరైన కారణం లేకుండా బహిరంగంగా నకిలీ తుపాకీ పట్టుకు తిరగడం నేరం. పెట్టెలో పెట్టి తీసుకెళ్లు, లోపలికి వెళ్లాకే తీయి.

ఇందాక చెప్పిన ఐన్స్‌వర్త్ మీద లూకస్ కంపెనీ వేసిన దావా 2011లో బ్రిటన్ సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. హెల్మెట్ శిల్పం కాదు, సినిమా తీయడానికి వాడుకునే వస్తువు మాత్రమేనని తీర్పు చెప్పారు. వాదంలో ఇటుపక్కా అటుపక్కా నాకు సానుభూతి ఉంది. కానీ ఆ తీర్పు ప్రకారం శిల్పం కానిదాన్ని నువ్విప్పుడు శిల్పంలా చెక్కాలని చూస్తున్నావు. అదే నాకు ముచ్చట.

దాన్ని వేసుకోవడం ఎలాగో కూడా ఆలోచించు. అందులో కూర్చోలేవు, ఒంటరిగా విప్పుకోలేవు, కింద ఏముందో కనిపించదు. మొదటి సినిమాలో ఒక ట్రూపర్ లోపలికొస్తూ తలుపుకి తల కొట్టుకోవడం ఇప్పటికీ చూడొచ్చు. 2004 డీవీడీలో లూకస్ దానికి చప్పుడు కూడా కలిపాడు! చిన్న ఫ్యాన్ హెల్మెట్ లోపల పెట్టుకో. నీళ్లు తాగించే మనిషి ఒకరు తోడుండాలి. 501వ లీజియన్‌లో చేరాలనుంది కదా. 1997లో ఆల్బిన్ జాన్సన్ మొదలుపెట్టిన ఆ స్టార్ వార్స్ వేషధారుల సంఘానికి సేవా కార్యక్రమాలంటే ప్రాణం. వయసు 18 దాటాలి, ఆ ఇబ్బంది నీకు లేదు. వాళ్ల కాస్ట్యూమ్ రిఫరెన్స్ లైబ్రరీలో నువ్వెంచుకున్న రకం పేజీ ముందే ప్రింటు తీసి గోడకి అంటించు. కోత వేసే ముందు ప్రతిసారీ దాన్ని చూసుకో. అందులో లేని పట్టీ, లేని బొత్తం నీ సెట్లో ఉంటే నీకెంత నచ్చినా తీసేయి.

ఈ వారంలో ఏమీ కొనకు. నీ ఛాతీ, నడుం, పొట్ట దగ్గర ఎత్తు, తొడ, పిక్క చుట్టుకొలతలు, మోకాలి నుంచి చీలమండ దాకా పొడవు, మోచేయి నుంచి మణికట్టు దాకా పొడవు టేపుతో తీసుకుని రాసి పంపు. లోపల వేసుకునే నల్ల బట్టలతోనే కొలువు, చుడీదార్ మీద కాదు. అమ్మేవాడు పంపిన హెల్మెట్ పక్క ఫొటోలు వచ్చాక అవి కూడా. చెవి అతుకు దగ్గర వెలుతురు పడేలా తీసినవి అయితేనే నేను ఏదైనా చెప్పగలను.

ఆశీస్సులతో,
పెదనాన్న