గోదారి ఒడ్డున కిరాయికి

చి. బుజ్జికి,

భద్రాచలంలో నువ్వు చూసిన ఫ్లాట్ ఫొటోలు అందాయి. పాత బిల్డింగును బాగుచేసి కొత్త టైల్స్ వేశారనీ, లిఫ్టు, జనరేటర్, మేడ మీద అందరికీ ఒక హాలు ఉన్నాయనీ రాశావు. బాల్కనీలోకి గోదారి గాలి వస్తుందంటే ఎవరికి ఆశ పుట్టదు? ఉండమనే అంటాను. కానీ కొత్త రంగు వేసిన గోడ మీద వరద మరక కనబడదు తల్లీ. ఆ వీధిలో ఏళ్లుగా ఉన్న కిరాణా కొట్టాయన్ని అడుగు, 2022 జూలైలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో. ఆ నెల 16న గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986లో అయితే 75.6. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగుల దగ్గర.

కరకట్ట ఉందిగా అంటావు. నిజమే, కట్ట నదిని ఆపుతుంది. ఊళ్లో కురిసిన వానను కూడా లోపలే ఆపుతుంది. గోదారి పెరిగినప్పుడు కట్టకున్న స్లూయిజ్ గేట్లు దించకపోతే నది నీళ్లే ఊరిమీదికి ఎదురు తంతాయి. దించితే కాలువల నీళ్లకు దారి ఉండదు, మోటార్లు పెట్టి తోడిపోయాలి. రామాలయం దగ్గర అన్నదాన సత్రం చుట్టుపక్కల నీళ్లు నిలిచేది ఇందుకే. గట్టి వాన పడిన మర్నాడు ఆ వీధికి వెళ్లి, పల్లం ఎటుందో చూసుకో.

నువ్వు మూడో అంతస్తులో ఉన్నా జనరేటర్, కరెంటు ప్యానెల్, మోటారు సెల్లారులో ఉంటే లాభం లేదు. కిందికి నీళ్లు దిగగానే లిఫ్టు ఆగుతుంది, పై ట్యాంకుకు నీళ్లెక్కవు. సంపులో వరద నీరు కలిస్తే తాగడానికీ నీళ్లుండవు. నెలనెలా కట్టే మెయింటెనెన్సు వీటికే కదా, అవి ఎక్కడున్నాయో ముందు చూడు.

బాగుచేశామంటే లోపలి పనేనా, పైన అంతస్తులు లేపారా? 2025 మార్చిలో ఆ ఊళ్లోనే కడుతున్న బహుళ అంతస్తుల భవనం కూలి మనుషులు పోయారు. పంచాయతీ అనుమతి కాగితం చూపించమను. మొహమాటపడకు.

అగ్రిమెంటులో ఒక్క మాట రాయించుకో: వరదకు ఖాళీ చేయాల్సివస్తే ఆ రోజుల కిరాయి ఉండదని. 2022లో వంతెన మీద రాకపోకలు ఆపేశారు. మళ్లీ అలా అయితే ఇటునుంచి మేం నీ దగ్గరికి రాలేం. అందుకే ఊళ్లో మెరక మీద ఉన్న నీ స్నేహితురాళ్లలో ఒకరి ఇల్లు ఇప్పుడే మాట్లాడి పెట్టుకో.

ఆదివారం పొద్దున ఖమ్మం నుంచి నేనూ పెద్దమ్మా బస్సెక్కుతాం. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వకు.

మీ పెదనాన్న