ఏటవాలు త్రాడు

మేనల్లుడా,

వ్యాయామోపాధ్యాయ శిక్షణలో చేరితివని విని సంతోషించితిని. రేపు నీవు జనగామ మెట్టపల్లెలకో, మానుకోట తండాలకో, భూపాలపల్లి గనుల చేరువనున్న బడులకో పోవుదువు గనుక, నా తప్పొకటి నీకు పాఠముగా వ్రాయుచున్నాను.

ఉద్యోగమున చేరిన క్రొత్తలో, మానుకోట ప్రాంతమున, ప్రార్థన ముగిసిన పిదప వచ్చిన యొక తండా బాలునిచేత, కారణమైన నడుగక, అందరియెదుట ఏబది గుంజీలు తీయించితిని. వాడు చెవులు పట్టుకొనలేక మాటిమాటికి చేతులు విదిలించుచుండగా, పొగరని తలంచి మఱి పది చేర్చితిని. వేకువనే తల్లివెంట మిరపకాయలేరి వచ్చిన ఆ వ్రేళ్లు మండుచుండెనని, వాడు బడి మానిన వారమునకు గాని నాకు తెలియలేదు.

తండ్రి వలసపోయిన బాలుడు, చదువు మాన్పించి పెండ్లి చేయుదురను భయముతో దినములు గడుపు బాలిక, ఇంట మద్యపు కలహములు చూచి వచ్చువాడు, వీరికి బడితోడి బంధము నూలుపోగువంటిది. ఆటస్థలమున దేహమే యందరి కంటబడును గావున, అక్కడి అవమానము లెక్కల తరగతిలోని తప్పుకంటె లోతుగా దిగును. వ్యాయామమునే శిక్షగా మార్చినచో బిడ్డ వ్యాయామమును, గురువును, బడిని ఒక్కసారిగా ద్వేషించును. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించినను, గుంజీలను, గోడకుర్చీని దండనగా లెక్కింపనివారు నేటికిని కలరు.

ఇట్లనినంతనే, గురువు చెప్పినదే తడవుగా చేయించు ఆజ్ఞాపద్ధతి సర్వదా చెడ్డదని నా యభిప్రాయము కాదు. ఈటె విసరుచోట, గుండు వేయుచోట, ఈల వినబడినంతనే ఆగుట ప్రాణరక్షణము. అయితే 1966లో మస్కా మాస్టన్ వ్యాయామబోధనా పద్ధతులను వరుసగా వివరించుచు, ఆ వరుసలో ఆజ్ఞ యొక కొన మాత్రమేయని చూపెను. ఆయన చెప్పిన త్రాటి దృష్టాంతము మఱువకుము: త్రాటిని సమముగా కట్టి ఎత్తు పెంచుచుపోయిన, దుర్బలులు ఒక్కొక్కరే వెలుపలికి పోయి కూర్చుందురు, ఏటవాలుగా కట్టిన, ప్రతి బిడ్డయు తనకు తగినచోట దుమికి, రేపు ఒక జేన పైకి జరుగును. షికాగోలో దారితప్పనున్న బాలురతో ఆడి పనిచేసిన డాన్ హెలిసన్, పరులను గౌరవించుట, ప్రయత్నించుట, తన్ను తాను నడుపుకొనుట, ఇతరులకు తోడ్పడుట యను మెట్లను ఆటలోనే నేర్పి, వానిని ఆటస్థలము వెలుపలికిని కొనిపొమ్మనెను. నీవును అట్లే ఖోఖో జట్టుకు ఈల వేయు పని ఆలస్యముగా వచ్చువానికే యొప్పగించి చూడుము. వాడు అందరికంటె ముందు వచ్చును.

మన చేరువనే పర్వతగిరి మండలపు కల్లెడలో పుట్టి, బుద్ధిమాంద్యము కారణముగా ఊరివారి హేళనకు గురియైన జీవాంజి దీప్తి, 2024లో పారిస్ పారాలింపిక్ క్రీడలయందు అట్టివారికై యున్న టీ20 తరగతి 400 మీటర్ల పరుగును 55.82 సెకనులలో ముగించి కాంస్యము గెలిచినది. ఆమె మాంద్యమును గాక పరుగును చూచిన గురువులు లభించుట ఆమె భాగ్యము. నాకెదురైన బాలునకు ఆ భాగ్యము లేకపోయెను, వాడు మరల బడికి రాలేదు.

కావున నాయనా, ఆలస్యముగా వచ్చినవానిని చెవులు పట్టుకొమ్మనుటకు ముందు, ఒక్కమారు వాని చేతులు చూడుము.

ఇట్లు,
నీ మామయ్య